అక్వేరియం ట్యూబ్‌లైట్‌కి రిఫ్లెక్టర్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

"మొక్కలు పెరగడం లేదు, ఇంకో ట్యూబ్ వేయమంటారా?" అని చాలామంది అడుగుతుంటారు. నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఉన్న ట్యూబ్ పైన ఏముంది? ఎక్కువమంది హుడ్‌లో, అంటే తొట్టి పైమూతలో, నల్ల ప్లాస్టిక్కో, పాలిపోయిన ప్లైవుడ్డో ఉంటుంది. ట్యూబ్‌లైట్ చుట్టూ అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది. అందులో సగం పైకే పోతుంది. నల్లటి హుడ్ దాన్ని మింగేసి వేడిగా మార్చేస్తుంది. మీరు కరెంటు బిల్లు కట్టిన వెలుతురే అది. ఇంకో ట్యూబ్ కొనేముందు దాన్ని కిందికి మళ్లించుకోండి. ఒక ఆదివారం సాయంత్రం చాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. రిఫ్లెక్టర్ పనితనం మెరుపులో కన్నా ఆకారంలో ఎక్కువ ఉంది. అద్దంలా మెరిసే రేకుని తప్పుగా వంచితే, మామూలు తెల్ల రంగు వేసిన హుడ్ కన్నా తక్కువ పనిచేస్తుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదట నేను నాలుగంగుళాల పీవీసీ పైపుని నిలువుగా చీల్చి, లోపల అల్యూమినియం టేపు అంటించి, సరిగ్గా మధ్యలో ట్యూబ్ పెట్టాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. తొట్టిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గుండ్రటి వంపుకి నడికేంద్రంలో దీపం ఉంటే, పైకి వెళ్లిన ప్రతి కిరణం వెళ్లిన దారినే వెనక్కి వచ్చి ట్యూబ్ మీదే పడుతుంది. ట్యూబ్ అడ్డొచ్చి దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ట్యూబ్ నెత్తిమీద రేకు కిందికి ఒక మడత దిగుతుంది. పైకి వచ్చిన వెలుతురుని అది రెండు పక్కలకీ చీలుస్తుంది, పక్క రేకులు దాన్ని కిందికి దింపుతాయి.

ఇది ఎవరికి అవసరం, ఎవరికి కాదు

వాలిస్నేరియా, హైడ్రిల్లా, క్రిప్టోకొరైన్ లాంటి మొక్కలు పెంచుతూ, హుడ్‌లో ట్యూబ్‌లైట్ వాడుతున్నవాళ్లకి బాగా పనికొస్తుంది. ఒట్టి గోల్డ్‌ఫిష్ తొట్టికి అక్కర్లేదు. చేపలకి అంత వెలుతురు పని లేదు, పైగా అద్దాలకి పాచి పట్టి మీకు పని పెరుగుతుంది. అనూబియస్, జావా ఫెర్న్ మాత్రమే ఉన్నవాళ్లు కూడా వదిలేయవచ్చు. అవి నీడలోనే బాగుంటాయి.

కొత్తగా లైటు కొనబోతున్నవాళ్లు ట్యూబ్‌లైట్ జోలికి వెళ్లకండి. పాదరసం ఉన్న ఈ ట్యూబుల తయారీని, ఎగుమతి దిగుమతులని 2027 కల్లా ఆపేయాలని, పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాలు 2023లో నిర్ణయించాయి. మీరు ఎల్‌ఈడీ తీసుకోండి, దాని సంగతి చివర్లో చెబుతాను. ఇంట్లో ఉన్న ట్యూబులు పనిచేస్తున్నంతకాలం మాత్రం వాటి నుంచి పూర్తి ఫలితం రాబట్టుకోవచ్చు.

కావలసినవి

- రేకు: నా మొదటి ఓటు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్‌లో వాడేసిన అల్యూమినియం ప్లేటుకే. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు అచ్చేసే ప్రెస్ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. పాత ప్లేట్లని వాళ్లు తూకానికి అమ్మేస్తారు. 0.3 మి.మీ. మందం ఉన్నది అడగండి. చిన్న మిషన్ల ప్లేట్లు ఇంకా పల్చగా ఉంటాయి, అవి వంకర్లు పోతాయి. 25 అంగుళాల పొడవున్న ప్లేటు రెండడుగుల ట్యూబుకి సరిపోతుంది. ప్లేటు దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో అరమిల్లీమీటరు అల్యూమినియం రేకు తీసుకోండి. సికింద్రాబాద్ వాళ్లకి రాణిగంజ్‌లో తేలిగ్గా దొరుకుతుంది.
- రేకు కత్తెర, స్టీలు స్కేలు, మార్కర్, సిరా అయిపోయిన బాల్‌పెన్
- సూటిగా ఉన్న రెండు చెక్క పట్టీలు, రెండు సి-క్లాంపులు
- గట్టి అట్టముక్క, కోణమానిని
- సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, నట్లు, వాషర్లు, డ్రిల్లు
- ఆకుపచ్చ ఎర్త్ వైరు, ఒక రింగ్ టెర్మినల్, మల్టీమీటర్
- మందపాటి గ్లౌజులు. పల్చటి అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కిచెన్ ఫాయిల్ సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. దాన్ని ముడతలు లేకుండా అంటించడం దాదాపు కుదరదు, ప్రతి ముడతా వెలుతురుని తలో దిక్కుకీ విసురుతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. తేమకి జిగురు ఊడి ఫాయిల్ వేలాడితే, అది ట్యూబ్ పిన్నులకి తగలొచ్చు. అద్దం ముక్కలు బరువు, పగిలితే తొట్టిలోనే పడతాయి. చిప్స్ ప్యాకెట్ల లోపలి వెండి పొర మెరుస్తుంది కానీ వేడికి ముడుచుకుపోతుంది.

రేకుతో కుస్తీ పట్టే ఓపిక లేకపోతే ఒక సులువైన మార్గం ఉంది. హుడ్ లోపల మెరుపు లేని తెల్లటి అక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు వేయండి. మంచి తెలుపు వెలుతురుని బాగానే తిప్పికొడుతుంది. ఆయిల్ ఎనామెల్ వద్దు, కొన్నాళ్లకి పసుపుబారుతుంది. రంగు పూర్తిగా ఆరి, వాసన పోయేదాకా వారం రోజులు హుడ్‌ని తొట్టి మీద పెట్టకండి.

ముందు ఒక కొలత తీసుకోండి

ఈ పని దాటేసినవాళ్లే తర్వాత "ఏమో, పెరిగినట్టే ఉంది" అంటారు. మన కంటికి వెలుతురులో తేడా సరిగ్గా తెలియదు. పావువంతు పెరిగినా గుర్తుపట్టలేం.

ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ ఏదైనా వేసుకోండి. రాత్రిపూట గదిలో మిగతా లైట్లన్నీ ఆపండి. హుడ్‌ని తొట్టి మీద నుంచి తీసి, బల్ల మీద రెండు పక్కలా పుస్తకాల దొంతరలు పేర్చి వాటి మీద పెట్టండి. దొంతర ఎత్తు మీ తొట్టి లోతంత ఉండాలి. ట్యూబ్ వేసి పదిహేను నిమిషాలు ఆగండి. ట్యూబ్ వెలుతురు నిలకడకి రావడానికి ఆమాత్రం సమయం పడుతుంది. తర్వాత ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, మధ్యలో ఒకటి, నాలుగు మూలల దగ్గర నాలుగు, మొత్తం అయిదు రీడింగులు రాసుకోండి. ఫోన్ పెట్టిన చోట్లని చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత కూడా అదే ఫోన్, అదే యాప్, అవే చోట్లు. ఫోన్ చూపించే అంకె నిజమైన లక్స్ కాకపోవచ్చు, దాంతో పని లేదు. మనకి కావలసింది ముందుకీ తర్వాతకీ తేడా మాత్రమే.

తయారీ

కింది కొలతలు 18 వాట్ల రెండడుగుల టీ8 ట్యూబుకి. దీని మందం 26 మి.మీ. ఉంటుంది. సన్నటి టీ5 ట్యూబుకి కొలతలు తర్వాత ఇస్తాను.

1. ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ట్యూబ్ తీసి దుప్పటిలో చుట్టి పక్కన పెట్టండి.

2. ప్లేటుని శుభ్రం చేయండి. అచ్చు పడ్డ వైపు ఇంకు, రంగు పూత ఉంటాయి. మనకి కావలసింది వెనకవైపు, వెండిలా ఉండేది. కిరోసిన్ గుడ్డతో రెండు వైపులా తుడిచి, తర్వాత గిన్నెల సబ్బుతో కిరోసిన్ వాసన పోయేదాకా రెండు మూడుసార్లు కడగండి. ఈ పని తొట్టి ఉన్న గదిలో చేయొద్దు. స్టీలు పీచు వాడకండి, గీతలు పడతాయి.

3. 182 మి.మీ. వెడల్పు, 570 మి.మీ. పొడవున పట్టీ కత్తిరించండి. ట్యూబ్ పొడవు సుమారు 590 మి.మీ. రేకుని ఆ రెండు సెంటీమీటర్లు తగ్గించడం తప్పనిసరి. అప్పుడే రెండు చివర్లా హోల్డర్‌కీ రేకుకీ మధ్య సెంటీమీటరు ఖాళీ ఉంటుంది.

4. పొడవాటి అంచులు రెండింటినీ 6 మి.మీ. మేర వెనక్కి, అంటే మెరిసే వైపుకి అవతలికి, పూర్తిగా మడిచి సుత్తితో మెల్లగా అణచండి. దీంతో చెయ్యి కోసుకునే భయం పోతుంది, రేకు కూడా బిగుతుగా నిలుస్తుంది. ఇప్పుడు పట్టీ వెడల్పు 170 మి.మీ.

5. మెరిసే వైపు పైకి పెట్టి, ఒక అంచు నుంచి 35, 65, 85, 105, 135 మి.మీ. దగ్గర పొడవునా అయిదు గీతలు గీయండి. రెండు చివర్లలోనూ మధ్యలోనూ కొలిచి చుక్కలు పెట్టుకుంటేనే గీత వంకర పోదు. తర్వాత స్కేలు పెట్టి, సిరా లేని బాల్‌పెన్‌తో గట్టిగా ఒత్తుతూ గీతని గాడిగా చేయండి. కటింగ్ బ్లేడుతో గాటు పెట్టకండి. మడిచినప్పుడు అక్కడే విరుగుతుంది.

6. అట్టముక్క మీద 140 డిగ్రీల కోణం గీసి, కత్తిరించి ఉంచుకోండి. ఇదే మీ కొలబద్ద. ఈ డిజైన్‌లో హాయి ఏమిటంటే అయిదు మడతలూ ఒకే కోణం. చదునైన రేకుని ప్రతి గీత దగ్గరా 40 డిగ్రీలు వంచుతాం, అంతే.

7. ఇక మడవడం. గీత పక్కనే రేకుకి కింద ఒకటి, పైన ఒకటి చెక్క పట్టీలు పెట్టి, రెండు చివర్లా క్లాంపు బిగించండి. బయటికి ఉన్న రేకుని అరచేతులతో, పొడవంతా ఒకేసారి వంగేలా మెల్లగా నొక్కండి. ఒక చివర వంచి రెండో చివరికి జరుపుకుంటూ పోతే మధ్యలో సొట్ట పడుతుంది. 35, 65, 105, 135 గీతల దగ్గర రేకు అంచు మీ వైపుకి, అంటే మెరిసే ముఖం వైపుకి లేవాలి. మధ్యలో ఉన్న 85 గీత మాత్రం తిరుగుదిశ. అక్కడ మడత కొస ఇంటి కప్పు దూలంలా మీ వైపుకి పొడుచుకు రావాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే వంచేముందు 85 గీత పక్కన మార్కర్‌తో "తిరుగు" అని రాసుకోండి. ఒకసారి వంచినదాన్ని వెనక్కి తీసి మళ్లీ వంచితే అల్యూమినియం నాలుగోసారికి పుటుక్కున తెగుతుంది.

8. చివర నుంచి చూస్తే రేకు రెక్కలు చాచిన కొంగలా కనిపించాలి. స్కేలుతో సరిచూసుకోండి. బయటి అంచు నుంచి అంచుకి 12.5 నుంచి 13 సెం.మీ. ఉండాలి. మధ్య మడత కొస కన్నా బయటి అంచులు సుమారు 3.3 సెం.మీ. కిందికి దిగాలి. 13 దాటితే రెక్కలు బాగా విచ్చుకున్నట్టు, కొంచెం మూయండి.

9. హుడ్‌కి బిగించండి. 35కీ 65కీ మధ్య ఉన్న చదునులో రెండు, అటువైపు రెండు, మొత్తం నాలుగు రంధ్రాలు వేసి బోల్టులు పెట్టండి. రేకుకీ హుడ్ పైకప్పుకీ మధ్య గాలి ఆడేలా వాషర్లో, పాత నట్లో పెట్టి ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి. మధ్య మడత కొసకీ ట్యూబ్ గాజుకీ 8 మి.మీ. దూరం ఉండాలి. బొత్తిగా అతుక్కుంటే ట్యూబ్ వేడెక్కుతుంది. టీ8 ట్యూబ్ చుట్టూ గాలి 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. మన ఎండాకాలంలో అసలే అంతకు మించి ఉంటుంది, కాబట్టి హుడ్ వెనక గాలి రంధ్రాలు ఉంచండి. వీలైతే చోక్‌ని హుడ్ బయటికి మార్చండి.

10. ఎర్త్ కలపండి. ఇది ఇష్టముంటే చేసేది కాదు, చేయాల్సిందే. నీళ్ల మీద వేలాడే లోహపు రేకు ఇది. ఒక బోల్టు కింద రింగ్ టెర్మినల్ పెట్టి, ఆకుపచ్చ వైరుని ప్లగ్ మూడో పిన్నుకి కలపండి. ప్లేటు పైన కనిపించని ఆక్సైడ్ పొర ఉంటుంది, అది కరెంటుని పోనివ్వదు. కాబట్టి టెర్మినల్ తగిలే చోట గరుకు కాగితంతో రుద్ది అసలు లోహం తేలనివ్వండి. తర్వాత మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి, ఒక ముల్లు రేకు మీద, ఇంకోటి ప్లగ్ ఎర్త్ పిన్ను మీద ఆనించండి. బీప్ రావాలి. రాకపోతే మళ్లీ రుద్దండి. ఈ వైరింగ్ చేతకాదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సన్నటి టీ5 ట్యూబుకి, అంటే 16 మి.మీ. మందం ఉన్నదానికి, గీతలు 27, 50, 65, 80, 103 దగ్గర, అంచులు మడిచి అణచాక పట్టీ వెడల్పు 130 మి.మీ. ట్యూబ్‌కీ మడత కొసకీ 6 మి.మీ. చాలు. పొడవు మాత్రం మీ ట్యూబ్ కొలిచి రెండు సెంటీమీటర్లు తగ్గించుకోండి. హుడ్‌లో రెండు ట్యూబులు ఉంటే ఒక్కోదానికి విడిగా ఒక్కో రిఫ్లెక్టర్ చేయండి. రెండింటినీ ఒకే పెద్ద రేకు కింద పెడితే ఒక ట్యూబ్ వెలుతురు రెండోదానికి తగిలి ఆగిపోతుంది. అడుగు వెడల్పున్న హుడ్‌లో పై కొలతలవి రెండు పక్కపక్కనే పడతాయి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

హుడ్‌ని మళ్లీ అవే పుస్తకాల దొంతరల మీద పెట్టి, పదిహేను నిమిషాలు ఆగి, అవే అయిదు చోట్ల రీడింగులు తీయండి. ఇంతకుముందు నల్ల హుడ్ అయితే, మధ్యలో 1000 చూపించిన చోట 1500 దాటాలి. ముందే తెల్ల రంగు వేసిన హుడ్ అయితే అంత పెరగదు, 1200 వచ్చినా మంచి పనే.

రెండో పరీక్షకి మీటరు అక్కర్లేదు. ఫోన్‌ని బల్ల మీద పెట్టి కింద నుంచి హుడ్‌ని ఫొటో తీయండి. నేరుగా కంటితో చూస్తే మిరుమిట్లు గొలిపి ఏమీ తెలియదు. ఫొటోలో ట్యూబ్‌కి రెండు పక్కలా రెండు వెలుగు పట్టీలు, ఇంకో రెండు ట్యూబులు ఉన్నట్టు కనిపిస్తే రేకు సరిగ్గా కుదిరినట్టు. ఒక పక్కే కనిపిస్తే ట్యూబ్ మధ్యలో లేదు. పట్టీ పాములా మెలికలు తిరిగితే మడత సూటిగా రాలేదు, కానీ దానివల్ల పెద్ద నష్టం లేదు, వదిలేయండి. పట్టీలు అసలే కనిపించకపోతే మధ్య మడత తిరుగుదిశలో పడలేదేమో చూడండి.

మధ్యలో రీడింగ్ బాగా పెరిగి మూలల్లో తగ్గిందా? రెక్కలు ఎక్కువ ముడుచుకున్నాయి. రెండు పక్కలా అయిదేసి డిగ్రీలు విప్పండి. మొక్కలు ఎక్కడ నాటారో చూసుకుని విప్పాలో వద్దో నిర్ణయించుకోండి. మొక్కలన్నీ మధ్యలోనే ఉంటే మూలల చీకటితో ఇబ్బంది లేదు.

ఏమీ పెరగలేదంటే ట్యూబ్ వయసు చూడండి. రెండు చివర్లా నల్లగా మారిన ట్యూబుకి ఎంత మంచి రిఫ్లెక్టర్ పెట్టినా ఉన్నదాన్నే కదా తిప్పేది.

తొట్టి మీద పెట్టేటప్పుడు

హుడ్‌కీ నీళ్లకీ మధ్య 4 మి.మీ. కవర్ గ్లాస్ తప్పనిసరిగా ఉంచండి. లేకపోతే ఆవిరి రేకు మీద చేరి నెల తిరక్కుండానే తెల్లటి మచ్చలు పడతాయి. వైరు ప్లగ్ దగ్గరికి వెళ్లేముందు ఒకసారి ప్లగ్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గర నేల మీద పడతాయి, సాకెట్‌లోకి పోవు. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉంటే తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు టెన్షన్ ఉండదు. అది ఉన్నా సరే, చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకడం మానకండి.

ఇప్పుడు పాచి సంగతి. రిఫ్లెక్టర్ పెట్టిన రెండు వారాలకి "అద్దాలన్నీ పచ్చబడ్డాయి, తీసేయమంటారా" అని అడిగేవాళ్లు ఎక్కువ. తీయకండి, గంటలు తగ్గించండి. వెలుతురు ఒక్కసారిగా పెరిగితే మొక్కలు అందుకునేలోపు పాచి అందుకుంటుంది. ఇప్పటిదాకా రోజుకి పది గంటలు వేస్తుంటే, మొదటి రోజు నుంచే ఆరు గంటలకి తగ్గించండి. అద్దం శుభ్రంగా ఉంటే వారానికి అరగంట చొప్పున ఎనిమిది దాకా పెంచుకోవచ్చు. రోజూ గుర్తుపెట్టుకుని స్విచ్ వేయడం కన్నా ప్లగ్ టైమర్ మేలు. చేపలు మొదటి రోజుల్లో రాళ్ల చాటున దాక్కుంటే కంగారుపడకండి. నీటి మీద తేలే మొక్కలు నాలుగు వేస్తే కాస్త నీడ దొరికి బయటికి వస్తాయి.

ఎల్‌ఈడీ ఉన్నవాళ్లు

ఎల్‌ఈడీ బ్యాటెన్‌లో, స్ట్రిప్‌లో చిప్పులన్నీ ఒకవైపే చూస్తాయి. వెనక్కి వెలుతురు పోదు కాబట్టి వెనక రిఫ్లెక్టర్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. లైటుని తొట్టికి ఎత్తుగా వేలాడదీసినవాళ్లు మాత్రం రెండు పక్కలా వాలుగా ప్లేటు పట్టీలు కట్టుకుంటే, గదిలోకి చెదిరే వెలుతురు నీళ్లలోకి దిగుతుంది.

హుడ్‌లో మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుని అడ్డంగా బిగించి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ సగం వెలుతురు పైకే పోతుంది. మొదట హోల్డర్‌ని తిప్పి, బల్బు తెల్లబుడ్డ కిందికి చూసేలా పెట్టండి. సగం పని దాంతోనే అయిపోతుంది. కుదరకపోతే 15 సెం.మీ. ప్లేటు ముక్కకి పై కొలతలతోనే మడతలు వేసి బల్బు బుడ్డ పైన పెట్టండి. మధ్య మడత కొసకీ బుడ్డకీ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. బుడ్డ వెనకున్న గట్టి భాగాన్ని మాత్రం రేకుతో కప్పకండి. బల్బు వేడి బయటికి పోయేది అక్కడి నుంచే. అది ఆగితే లోపలి డ్రైవర్ కాలిపోతుంది.

రేకుని నెలకోసారి తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి, ప్లగ్ పీకి. గ్లాస్ క్లీనర్ స్ప్రేలు తొట్టి దగ్గర వాడొద్దు. తుడిచిన ప్రతిసారీ ఎర్త్ బోల్టు వదులైందేమో ఒకసారి చేత్తో కదిపి చూడండి. వర్షాకాలంలో తుప్పు ముందు పట్టేది ఆ రింగ్ టెర్మినల్‌కే.